పగటిపూట జానెడోని కథ

నేను రాసిన నవలను చానా రోజులు విన్నయి సిరిసిల్ల బట్టలు నేసే సాంచాలొక్కటే. మా ఇంటికి అటుపక్క ఒక షెడ్డు, ఇటుపక్క ఒక షెడ్డు, నడుమ నా రెండర్రలు. పొద్దుగాల సాంచాలు షురూ అయినయంటే మాపటిదాక టకటక టకటక ఒక్కటే సప్పుడు. కొత్తగ వచ్చినోళ్ళు చెవులు మూసుకుంటరు. నాకైతే ఆ సప్పుడుంటేనే ధైర్యం. రాసింది గట్టిగ చదువుకోవాలె, కాని ఎవరన్న వింటే నాకు సిగ్గు. సాంచాలు నడిచినంతసేపు నేను గొంతు చించుకున్నా పక్కింటామెకు వినపడదు.

ఒకరోజు మంచి జోరు మీద చదువుతుంటే కరెంటు పోయింది. గల్లీ మొత్తం ఒక్కసారి చుప్ అయింది. నా గొంతొక్కటే మిగిలింది. "ఉరుకుండ్రి, జర్మనోళ్ళు వస్తున్నరు, వంట గంజుల కింద దాసుకోండ్రి" అని నేను ఒర్రుతున్న. పక్కింటామె చీపురు పట్టుకొనే ఉరికొచ్చి, "ఎవలొస్తున్నరక్కా, కరెంటోళ్ళా?" అన్నది. ఏం లేదే, టీవీ అన్న. మా ఇంట్ల టీవీ చెడిపోయి ఏడాదైందని ఆమెకు సుత తెలుసు. ఆ మాపు ఒక గిన్నెల పప్పుచారు పంపింది. ఒంటిగ ఉండి ఉండి నాకేమో అయిందనుకున్నట్టుంది.

ఒంటిగ ఉన్నమాట నిజమే. ఇరవై ఏండ్లు జగిత్యాల లైబ్రరీల అటెండరు పని చేసిన. బల్లలు తుడుసుడు, పేపర్లు కుట్టుడు, పుస్తకాలు జాగల పెట్టుడు. వారమంత జగిత్యాలల కిరాయి అర్ర, ఆదివారం సిరిసిల్లకు మా ఆయన దగ్గరికి. ఆయన సాంచాల మీద పనిచేసేటోడు. రిటైరయినంక ఇద్దరం ఒక్క దగ్గర ఉందమనుకున్నం. నేను రిటైరయ్యే ముందటేడే ఆయన పోయిండు. బిడ్డ నిజామాబాదుల ఉంటది. మంచిదే, రోజూ ఫోన్ చేస్తది, "తిన్నవా మమ్మీ" అంటది, తిన్న అంట, అయిపాయె. నవల ఫోన్ల పంపిస్తే "చదువుత మమ్మీ" అన్నది. ఏడు నెలలైంది, ఇంక చదువుతనే ఉన్నది.

అరవై దాటినంక నవల ఏందే నీకు అని మా ఆడిబిడ్డ నవ్వింది. అందుల కోరుట్లోడు ఇటలీ దేశం పోయి యుద్ధంల వంట చేస్తడని చెప్తే ఇంక నవ్వింది. నాకు కోపమొచ్చింది. నాకు కోపం జల్దిన వస్తది, మా ఇంట్ల అందరికి ఎరుకే. కాని నేను ఉత్తగ కల్పించింది కాదు గా వంటాయన సంగతి. ఆయన మా ఖాలమ్మ నాయిన.

ఖాలమ్మ మాకు చుట్టం కాదు. కోరుట్లల మా పక్కిల్లు. సాలోళ్ళిల్లు మాది, తురకోళ్ళిల్లు మీది అని ఎన్నడు అనుకోలేదు, నడుమ గోడ సుత నడుము దాకనే ఉండేది. నేను పుట్టినప్పటికెళ్ళి ఆమెను ఖాలమ్మ అనే పిలిచిన, ఖాలా అంటే వాళ్ళల్ల చిన్నమ్మ. నన్ను కన్న మా అవ్వ, ఆమె ఇద్దరు బీడీలు చేసేటోళ్ళు. ఒళ్ళె చాటలు పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతుంటే వాళ్ళ చేతులు మనకు కనపడకపోయేటివి. పగలంత ధరలు, కోడండ్లు, కడుపునొప్పులు, గివే ముచ్చట్లు. పొద్దూకి కందిలి ముట్టిచ్చినంక మాత్రం ఖాలమ్మ కథ చెప్పేది.

ఆమె కథలన్నిట్ల ఒక్కడే ఉండేటోడు, జానెడోడు. జానెడు పొడుగు, మూరెడు తెలివి, బారెడు అబద్ధం. వాడు మగ్గం నాడెల పండుకుంటడు, ఆకుల సుట్టల దాసుకుంటడు, దొర వెన్న తిని పిల్లి మూతికి రాసి దాని మీద చాడీలు చెప్తడు. ఖాలమ్మ నాయినను ఆమె అబ్బా అనేది. ఆయన పెద్ద యుద్ధం నాడు పల్టన్‌ల వంటోడిగ ఇటలీ పోయిండట. తిరిగొచ్చినంక బిడ్డ యుద్ధం ముచ్చట చెప్పమంటే చెప్పబుద్ధి కాక, మా దిక్కు జానెడోడిని తీసుకపోయి ఆ యుద్ధంల ఏసిండు. జానెడోడు అబ్బా పగిడీ మడతల కూసుండి సముద్రం మీది జహాజు ఎక్కిండు. గంజులు, గంటెలు ఒక్క తీరుగ వాయించి, ఒక్క వంటోడిని వెయ్యిమంది ఫౌజు లెక్క వినిపించి జర్మనోళ్ళను ఉరికిచ్చిండు. మేము పిల్లలం నోరు తెరిసి వినేది. యుద్ధమంటే మస్తు నవ్వులాట అనుకున్న నేను. లైబ్రరీల మంచుల సచ్చి పడ్డోళ్ళ ఫోటోలు చూసిందాక గట్లనే అనుకున్న.

కథకు రెండు షరతులుండె. ఒకటి, వినేటోళ్ళు ఊ కొట్టాలె. ఊ ఆగితే కథ ఆగుతది, మళ్ళ మరునాడే. రెండోది, పగటిపూట కథ చెప్పద్దు, అడగద్దు. పగలు కథ చెప్తే పయనమై తొవ్వల ఉన్నోళ్ళు తొవ్వ తప్పుతరని మా దిక్కు అంటరు. మా అవ్వ అనేది, ఖాలమ్మ సుత అనేది. ఇద్దరి దేవుళ్ళు వేరైనా గీ ఒక్క మాట మీద ఒక్కటే.

నాకు తొమ్మిదేండ్లప్పుడు ఖాలమ్మ పెనిమిటి మస్కట్ పోదమని బయలెల్లిండు. మేస్త్రి పని ఆయనది. పొడుగ్గ ఉంటడు, మాటలు తక్కువ. నలుగురు కలిసి, కాయితాల పనికి తొవ్వల రెండు మూడు రోజులు ఆగి బొంబాయికి రైలెక్కిన్రు, అక్కడికెళ్ళి జహాజు. ఆయన పోయిన మూడో రోజో నాలుగో రోజో నాకు జ్వరమొచ్చింది. మా అవ్వ బీడీలు అప్పజెప్పుతందుకు కార్ఖానాకు పోయింది. నేను గోడ దాటి ఖాలమ్మ ఇంట్లకు పోయి, ఆమె ఒళ్ళె పండుకొని కథ చెప్పమని ఏడ్సిన. గట్ల ఏడ్సినట్టే నాకు యాదికున్నది. మిట్టమధ్యాహ్నం. ఆమె వద్దు వద్దంటనే చెప్పింది. జానెడోడు గంజు మూత మీద కూసోని వాగు దాటిన కథ. నేను ఊ కొట్టుకుంట, కొట్టుకుంట నిద్రపోయిన.

ఆయన మస్కట్ చేరలేదు. తోటోళ్ళు ముగ్గురు చేరిన్రు, ఉత్తరం రాసిన్రు. నడుమ ఏదో స్టేషన్ల చాయ్ తాగొస్త అని దిగిండట, రైలు కదిలింది, మళ్ళ కనపడలేదు. రైలు ఆ స్టేషన్ దాటింది నాకు జ్వరమొచ్చిన నాడే అని మా అవ్వ ఎవలితోనో అంటుంటే నేను దుప్పట్లకెళ్ళి విన్న. కథ సంగతి మా అవ్వకు తెల్వదు. ఖాలమ్మకు తెలుసు, నాకు తెలుసు. ఆ దినానికెళ్ళి ఖాలమ్మ మళ్ళ కథ చెప్పలేదు. పగలు లేదు, రాత్రి లేదు. నేను అడగలేదు. మాట్లాడింది, తలకు నూనె పెట్టింది, నా పెండ్లిల మెహందీ పెట్టింది, కథ ఒక్కటే చెప్పలేదు.

నేను నవల రాసింది ఎవలో అచ్చేస్తరని కాదు. ఆమెకు తిరిగిద్దమని. ఆమె దగ్గర నేను ఏడ్సి తీసుకున్న కథ నా తోనే ఆగిపోయిందని నా కడుపుల ఉండె. జగిత్యాల లైబ్రరీల ఎవలు ముట్టని లావు పుస్తకాలు నేనే ముట్టుకున్న. ఇటలీ కొండలు, పల్టన్ల వంటశాలలు, గాడిదల మీద బియ్యం మోసుడు, అన్ని రాసుకున్న. మంచు ఎన్నడు చూడలేదు కాబట్టి మంచు దగ్గర ఆగిపోయి మా గల్లీ షెడ్డు అద్దాల మీద పట్టే దూది నూగు చూసి రాసిన. ఆ దేశం కథలల్ల సుత జిత్తులమారి నక్క ఉంటదని ఒక పుస్తకంల చదివి, ఆ నక్కను మన జానెడోడిని ఎదురెదురు కూసోబెట్టిన. ఇద్దరు ఒకర్నొకరు మోసం చేసుకుంట, ఆఖరికి మంచుల తొవ్వ తప్పిన వంటాయనను ఇంటిదారి పట్టిస్తరు. ఏడు నోట్‌బుక్కులు అయింది. జగిత్యాలల డీటీపీ పిల్ల టైపు చేసిచ్చింది. ఆ పిల్ల సుత కామాలు పెట్టింది గని ఎట్లున్నదో చెప్పలేదు.

కాయితాలు సంచిల పెట్టుకొని, టికెట్ పైసల్లేకుంట ఆధార్ కార్డు చూపిచ్చి, వేములవాడ మీదికెళ్ళి కోరుట్ల బస్సు ఎక్కిన. ఖాలమ్మకు ఇప్పుడు ఎనభై దాటింది. పిల్లల్లేరు. తమ్ముని కొడుకు, కోడలి దగ్గర ఉంటది. అదే ఇల్లు, గోడ మాత్రం ఎత్తు చేసిన్రు. అవతల మా ఇల్లు ఎవలో కొనుక్కొని మొబైల్ దుకాణం పెట్టిన్రు. ఖాలమ్మ మంచం మీద కూసోని బియ్యం ఏరుతుంది. నన్ను చూసి బేటీ అన్నది. నేను మొత్తం చెప్పిన, జానెడోడు, అబ్బా, ఇటలీ. ఆమె కండ్లు గట్ల పెద్దగైనయి. చదువుత విను అని కాయితాలు తీసిన.

"పగలు వద్దు" అన్నది.

మాపటిదాక ఉన్న. నమాజ్ చేసి, రెండు ముద్దలు తిని, గోలీలు వేసుకొని మంచమెక్కింది. నేను మొదలుపెట్టిన. జానెడోడు ఇంక పగిడీ ఎక్కనే లేదు, ఆమె గుర్రు పెట్టింది. కోడలు తలుపుకాడ నిలబడి, "గోలీలట్ల ఉంటయక్కా, పొద్దూకినంక ఆమెతోని ఏం కాదు" అన్నది. ఇంకో మాపు పోయిన, అంతే. గోలీలు జర ఆలస్యంగ ఇయ్యమంటే డాక్టర్ వద్దన్నడట.

మూడోసారి నాకు కోపమొచ్చింది. పగటిపూటనే కాయితాలు విప్పి కూసున్న. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బిడ్డా, తొవ్వల ఉన్నోళ్ళు తప్పుతరు." నా నోరు ఎన్నడు నా మాట వినదు. "ఎవలున్నరు ఖాలమ్మా తొవ్వల? యాభై ఏండ్లైంది. నీకు ఇంక తొవ్వల ఎవలున్నరు చెప్పు?" అన్న.

ఆమెకు కోపం రాలేదు. నాకు తెల్వదేమోనని చెప్పినట్టు చెప్పింది. "ఆయనున్నడు కద బేటీ."

బియ్యం చాట పక్కకు పెట్టి లోపలికి పోయింది. నేను సంచి పట్టుకొని బస్టాండు దాక నడిచిన. బస్సుల కిటికీ పక్క సీటు దొరికింది, సిరిసిల్ల దాక మొఖం అటే పెట్టి ఏడ్సిన. యాభై ఏండ్ల సంది ఆమె పగటిపూట నోరు కట్టుకొని కూసున్నది ఆయన కోసం. ఇంక నడుస్తున్నడు, ఇంక తొవ్వ ఎతుకుతున్నడు అని. నేను పోయి నా నవల వినుమని అడుగుతున్న. ఆమె సరే అంటే ఆయన ఇంక రాడని ఒప్పుకున్నట్టేనని నేను ఒక్కసారన్న ఆలోచన చేయలేదు. అక్షరాలు వచ్చినోళ్ళకు బుద్ధి వస్తదని ఏం లేదు.

ఆ నెలంత కాయితాలు ముట్టలేదు. సాంచాలు నడుస్తనే ఉన్నయి, నాకు చదవబుద్ధి కాలేదు. వంట ఒక్కపూట చేసి రెండుపూటలు తిన్న. బిడ్డ ఫోన్ చేస్తే తిన్న అన్న. ఒకరోజు నాతోని ఎవలన్న ఎదురుగ మాట్లాడి ఎన్ని రోజులైందో లెక్క పెట్టబోయి, భయమైతే ఊకున్న. పక్కింటామెను కావాలని పిలిచి ఉప్పు అడిగిన, మా ఇంట్ల ఉప్పు ఉండంగనే.

అప్పుడు కోరుట్ల కెళ్ళి కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మా ఫుప్పు, మీ ఖాలమ్మ, నిన్ను రమ్మంటుంది. ఆ కాయితాలు సుత తెమ్మంది. మధ్యాహ్నం రమ్మంది" అన్నది. ఏమైంది, మంచిగున్నదా అన్న. "మంచిగనే ఉన్నది. పొద్దటికెళ్ళి నాతోని దుప్పట్లు కట్టిస్తుంది. నువ్వే వచ్చి చూడు" అన్నది.

పోయిన. బయట ఎండ మండుతుంది. ఖాలమ్మ అర్రల అడుగు పెడితే ఏం కనపడలేదు. కిటికీకి రెండు దుప్పట్లు, పైన గాలొచ్చే గవాచికి బియ్యం సంచి, తలుపుకు మందపు పర్దా. నడుమ స్టూలు మీద కందిలి ముట్టిచ్చి పెట్టింది, పాతదే, గాజు పగిలితే తీగ కట్టింది. ఫ్యాన్ బంద్ పెట్టింది, దీపం ఆరుతదని. చెమటతోని మొఖం మెరుస్తుంది. దాని ముంగట నిమ్మళంగ కూసున్నది.

"తలుపు పెట్టు. మాపైంది" అన్నది.

నాకు నవ్వాగలేదు. ఆమె సుత నవ్వింది. జానెడోడు ఎవలి దగ్గర నేర్సుకున్నడో నాకు అప్పుడు తెలిసింది. తొవ్వల ఉన్నోళ్ళను తప్పిపోనియ్యద్దు, బిడ్డ మనసు సుత విరగ్గొట్టద్దు. ఎనభై ఏండ్ల ముసలిది నెలంత ఆలోచన చేసి సూర్యున్నే మోసం చేసింది. నేను కింద కూసోని కందిలి దగ్గరికి జరిగి మొదలుపెట్టిన.

"జానెడోడు అబ్బా పగిడీల ఎక్కి కూసున్నడు."

"ఊ" అన్నది.

నేను ఆగిన. ఆగకుంట ఉండలేకపోయిన. నా పెండ్లయినంక, బిడ్డ పుట్టినంక, మా ఆయన పోయినంక, గా ఊ కోసం నేను ఎంత ఎదురుచూసిన్నో నాకే తెల్వదు. "కానియ్, ఊ అన్న కద" అన్నది. చదివిన. నడుమ నడుమ తప్పులు పట్టింది. "మా అబ్బా రొట్టెలు చేసుడేంది? బువ్వ వండేటోడు. రొట్టెలు ఇంకొకాయన" అన్నది. మార్సుకున్న. నక్క వచ్చినప్పుడు, "గిది ఏడికెళ్ళొచ్చింది?" అన్నది. నేనే తెచ్చిన అన్న. "ఉండని, మంచిగుంది" అన్నది. గంజులు వాయించేకాడ మంచం పట్టె మీద ఏళ్ళతోని వాయించింది.

మంచుల వంటాయన తొవ్వ తప్పే కాడికి వచ్చినం. నాలుగు లైన్లు చదివిన. కాయితాలు ఒళ్ళె పెట్టుకొని చెప్పిన. ఖాలమ్మా, ఆ రోజు నేనే ఏడ్సిన, నువ్వు వద్దన్నవు, నేనే పట్టుపట్టి చెప్పిచ్చిన, నా వల్లనే అయింది అన్న. యాభై ఏండ్లు కడుపుల పెట్టుకున్నది రెండు మాటలల్ల అయిపోయింది.

ఆమె కందిలి వత్తి జర పెంచింది.

"నువ్వు ఏడ్సినవా? నువ్వు నిద్రపోతున్నవు, జ్వరంల. నేనే లేపిన. ఆయన పోయి నాలుగు రోజులు, ఇల్లంత బోసిపోయింది, నాతోని మాట్లాడెటందుకు పిట్ట సుత లేదు. మీ అవ్వ నిన్ను నా దగ్గర పండబెట్టి పోయింది. కథ చెప్త ఊ కొట్టవే అని నిన్ను లేపిన. ఒక్క ఊ కోసం" అన్నది.

ఏది నిజమో నాకు తెల్వదు. నాకు ఏడుపు యాదికున్నది, ఆమెకు లేపుడు యాదికున్నది. ఇద్దరం పక్కపక్క ఇండ్లల్ల ఉండి, తలకు నూనె పెట్టుకొని, మెహందీ పెట్టుకొని, ఒకరి తప్పు ఇంకొకరం మోసుకుంట ముసలోళ్ళమైనం. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. బీడీలు చుట్టి చుట్టి ఏళ్ళ కొనలు ఇప్పటికి గట్టిగనే ఉన్నయి.

గప్పుడే కోడలు చాయ్ తెచ్చింది. రెండు చేతులల్ల కప్పులు, భుజంతోని తలుపు నూకింది. పర్దా జారి కింద పడ్డది. ఎండ సక్కగ లోపలికొచ్చి మంచం దాక పడ్డది. కందిలి మంట ఉన్నదో లేదో కనపడకుంటైంది. కోడలు నాలిక కరుసుకొని పర్దా ఎత్తబోయింది. నేను కాయితాలు మూసిన.

ఖాలమ్మ తలుపు దిక్కు చూసింది. బయట గల్లీ, ఎదురు గోడ, ఎండల ఎవలు లేరు. శానాసేపు చూసింది. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఎందుకాపినవ్?"

"పగలు ఖాలమ్మా. తలుపు తెరుసుకున్నది."

"నాకు కనపడ్తుంది." ముంగటికి వంగి కందిలిని ఆమెనే ఊది ఆర్పింది. కోడలితోని పర్దా అట్లనే ఉండనియ్ అన్నది. మళ్ళ మంచం మీద వెనుకకు ఒరిగి కండ్లు మూసుకున్నది.

"చదువు బిడ్డా. మా అబ్బానైనా ఇల్లు చేరని."

నేను ఎండలనే చదివిన. నక్క ముందట, జానెడోడు పగిడీల, వంటాయన మంచుల ఒక్కొక్క అడుగు వేసుకుంట వస్తుండు. లైను లైనుకు ఖాలమ్మ ఊ కొట్టింది. ఆమె కండ్లకెళ్ళి నీళ్ళు కారుతనే ఉన్నయి, ఊ మాత్రం ఒక్కసారి సుత ఆగలేదు.